ఇనుప గోడను ఎవరు కొంటారు?

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ మాయాలోకంలో ఆడే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని 3.5 ఎడిషన్‌లో వాల్ ఆఫ్ ఐరన్ (ఇనుప గోడ) అని ఒక ఆరో లెవెల్ మంత్రం ఉంది. పన్నెండో లెవెల్ విజార్డ్, అంటే అంత అనుభవమున్న మాంత్రికుడు, దాన్ని వేస్తే ఐదడుగుల చదరాలు పన్నెండు, మూడంగుళాల మందంతో, అసలు సిసలు ఇనుముతో లేచి నిలబడతాయి. కాసేపుండి మాయమయ్యే గోడ కాదది. ఎప్పటికీ అలాగే ఉంటుంది, తుప్పు కూడా పడుతుంది. దానికయ్యే ఖర్చు 50 బంగారు నాణేల విలువైన బంగారు పొడి, ఒక చిన్న ఇనుప రేకు ముక్క.

నేను చేసే ఉద్యోగం కాస్ట్ అకౌంటింగ్. ఖర్చూ ధరా ఒకేచోట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఆ గోడ మొత్తం 300 చదరపు అడుగులు, మందం పావు అడుగు, అంటే 75 ఘనపుటడుగులు. ఘనపుటడుగు ఇనుము సుమారు 490 పౌన్లు (పౌండ్లు) తూగుతుంది కాబట్టి గోడ బరువు 36,750 పౌన్లు, పదహారు టన్నుల పైమాటే. అదే రూల్‌బుక్‌లో సరుకుల పట్టిక తీస్తే పౌను ఇనుము ఒక వెండి నాణెం అని ఉంటుంది. పది వెండికి ఒక బంగారం. గోడ విలువ 3,675 బంగారు నాణేలు.

దీనికోసం మనం విజార్డ్ కావాల్సిన పని కూడా లేదు. డబ్బిచ్చి మంత్రం వేయించుకోడానికి పుస్తకంలోనే రేటు ఉంది: మంత్రం లెవెల్‌ని వేసేవాడి లెవెల్‌తో హెచ్చించి, పదితో హెచ్చించాలి. 720 అవుతుంది. పొడి ఖర్చు 50 కలిపితే 770. అంటే 770 పెట్టుబడికి 3,675 సరుకు, అదీ ఒక్క పూటలో. ఈ లెక్కన పౌను ఇనుము ఒక వెండి, అంటే పది రాగి నాణేల నుంచి రెండు రాగి నాణేల దగ్గరికి పడిపోవాలి. పడలేదు. మంత్రం ఒక పేజీలో, కూలి రేటు ఇంకో పేజీలో, ఇనుము ధర మరో పేజీలో ఉన్నాయి. రాసినవాళ్లు ఆ మూడింటినీ ఒకచోట పెట్టి చూడలేదు.

3.5 పునాది మీదే 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఆట ఈ కన్నాన్ని పూడ్చింది. మంత్రం వివరణలో ఒక వాక్యం చేర్చారు: ఈ ఇనుము వేరే వస్తువులు చేయడానికి పనికిరాదు, అమ్మడానికి వీల్లేదు. ఆ వాక్యం చదివి నాకు నిజంగా బాధేసింది. ఆట చెడిపోకుండా చూడాలన్న వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, నేనూ డంజన్ మాస్టర్‌నే, అంటే ఆట నడిపేదాన్నే. కానీ ఆ లోకంలో బతికే మనిషి వైపు నుంచి చూడండి. అమ్మడానికి వీల్లేదని అన్నది ఎవరు? రాజా, కమ్మరుల సంఘమా, ఏదన్నా దేవుడా? కత్తి దెబ్బకు ఆగే ఇనుము, తుప్పు పట్టే ఇనుము, పక్కకు ఒరిగితే మనుషుల్ని నలిపేసే ఇనుము. దాన్ని కరిగించి ఒక్క మేకు చేయలేమంటే నా నమ్మకం అక్కడే తెగిపోతుంది. గాల్లోంచి పదహారు టన్నుల ఇనుము పుట్టిందంటే నేను హాయిగా నమ్ముతాను, ఆట మొదలయ్యేదే ఆ ఒప్పందంతో. అంత ఇనుము కళ్లముందు పడి ఉంటే ఊళ్లో ఒక్కడూ దాన్నేం చేద్దామని ఆలోచించలేదంటేనే నమ్మలేను.

మాయాలోకాల గురించి నా వాదనంతా ఇదే. మంత్రం ఎంత పెద్దదైనా ఫరవాలేదు. దానివల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరి పొట్ట కొట్టారు, కొట్టించుకున్నవాళ్లు ఏం చేశారు అన్నది కనిపిస్తే ఆ లోకం నిలబడుతుంది.

ఇనుప గోడకే ఇలా జవాబు వెతికితే, నిషేధం రాయాల్సిన అవసరమే లేదని తేలుతుంది. 3.5 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఏ సైజు ఊళ్లో ఎంత లెవెల్ వాళ్లు ఉండొచ్చో చెప్పే పట్టికలు ఉన్నాయి. పన్నెండు వేల జనాభా దాటిన పెద్ద నగరాల్లో తప్ప ఈ మంత్రం వేయగల విజార్డ్ మామూలుగా దొరకడు. అంటే ఒక రాజ్యం మొత్తానికి పట్టుమని పదిమంది ఉంటే గొప్ప. ఇక కొనేవాళ్ల సంగతి. అదే పుస్తకంలో ఊరి దగ్గర ఎంత నగదు ఉంటుందో లెక్కగట్టే సూత్రం ఉంది. ఏడు వందల మంది ఉన్న గ్రామంలో ఉన్న డబ్బంతా ఊడ్చినా 7,000 బంగారు నాణేలు. ఒక్క గోడ కొంటే అందులో సగానికి పైగా ఖాళీ. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. మూడంగుళాల మందం పలకను ముక్కలు చేయగల కొలిమి ఏ ఊరి కమ్మరి దగ్గర ఉంది? గోడ పుట్టించడం ఒక్క నిమిషం కూడా పట్టదు, దాన్ని కోయడానికి నెలలు పడుతుంది.

అందుకే మా క్యాంపెయిన్‌లో, అంటే మేం ఆడుతున్న కథలో, గోడలు వేసే చోటు ఒక్కటే ఉంది, ఒక రేవు పట్నం చివర. అక్కడ కోతపనివాళ్లే ఒక వాడ వాడంతా ఉంటారు. గని యజమానులు విజార్డ్‌లకు ఏటా ఒక మొత్తం ముట్టజెబుతారు, మంత్రం వేసినందుకు కాదు, వేయకుండా ఊరుకున్నందుకు. రాజు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ విజార్డ్‌లకు మేడలిచ్చాడు, బిరుదులిచ్చాడు, రాజ్యం దాటే హక్కు మాత్రం తీసేశాడు. ఇది నేను గాల్లోంచి తెచ్చుకున్నది కాదు. వెనిస్ పాలకులు 1291లో గాజు కొలిముల్ని మురానో దీవికి తరలించారు. తర్వాతి కాలంలో ఆ పనివాళ్లకు గౌరవం ఎక్కువ, బయటికి పోయే స్వేచ్ఛ తక్కువ. గాజు విద్యకే అంత కాపలా ఉంటే, గాల్లోంచి ఇనుము పుట్టించే విద్యకు ఎంత ఉండాలి? మా టేబుల్‌లో గుర్తుండిపోయిన సెషన్‌లలో ఒకటి అక్కడే పుట్టింది. ఒక ముసలి విజార్డ్ తనను సరిహద్దు దాటించమని పార్టీని, అంటే మా ఆటగాళ్ల పాత్రల జట్టును, బతిమాలాడు. అతనికి ఏ రాక్షసుడి భయమూ లేదు. తన మనవరాలి పెళ్లికి వెళ్లాలి, అంతే.

వెలుగుది ఇంతకన్నా చిన్న మంత్రం, చిక్కు మాత్రం పెద్దది. ఇదే ఆట ఐదో ఎడిషన్‌లో కంటిన్యువల్ ఫ్లేమ్ రెండో లెవెల్ మంత్రం. మూడో లెవెల్ క్లెరిక్, అంటే మంత్రాలు తెలిసిన పూజారి, వేయగలడు. 50 బంగారు నాణేల కెంపు పొడి ఖర్చవుతుంది, కాగడా అంత వెలుగునిచ్చే జ్వాల పుడుతుంది, ఎవరైనా పనిగట్టుకుని మంత్రంతో తీసేస్తే తప్ప ఆరదు. కాగడా ధర ఒక రాగి నాణెం, గంటసేపు వెలుగుతుంది. 50 బంగారం అంటే 5,000 రాగి, అంటే 5,000 గంటల కాగడాలు. రాత్రికి పది గంటలు వెలిగించే వీధిలో 500 రాత్రుల్లో ఖర్చు రాబట్టేసుకోవచ్చు, ఆ తర్వాత వెలుగు ఉచితం. కాస్త ఖజానా ఉన్న ఏ నగరమైనా ఈపాటికి వీధులన్నీ వెలిగించేసి ఉండాలి. కానీ పుస్తకాల్లో బొమ్మలు చూడండి, ప్రతి నగరంలోనూ చీకటి సందులూ గోడకు గుచ్చిన కాగడాలే.

ఆ చీకటి సందు నాకూ కావాలి, దొంగ ఆడేవాళ్లకు మరీ కావాలి. దానికి కారణం కూడా కావాలి. రోజుకు రెండు వెండి నాణేలు సంపాదించే కూలీకి 50 బంగారం అంటే 250 రోజుల కూలి. ఒకేసారి అంత పెట్టగలిగినవాడి ఇంట్లో వెలుగు ఊరికే వస్తుంది. పెట్టలేనివాడు జీవితాంతం రోజుకిన్ని రాగి నాణేలు కాగడాలకు తగలేస్తూనే ఉంటాడు. కాబట్టి మా పట్నంలో పెద్దల వీధులు పట్టపగల్లా ఉంటాయి, కూలీల సందులు చీకటి. పైగా జ్వాల ఉన్న రాయిని గుడ్డలో చుట్టి జేబులో వేసుకుపోవచ్చు. అందుకే వీధి దీపాల్ని ఇనుప పంజరాల్లో పెట్టి తాళం వేస్తారు.

అమ్మేవాళ్లకూ ఒక సమస్య ఉంది. ఎప్పటికీ ఆరని దీపం కొన్నవాడు మళ్లీ దుకాణం గడప తొక్కడు. 1920లలో బల్బుల కంపెనీలు ఫీబస్ కార్టెల్ అని ఒక కూటమి కట్టి బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు కుదించుకున్నాయి. ఎక్కువ వెలిగే బల్బు చేసినవాళ్లకు జరిమానా కూడా వేశాయి. మంత్రదీపాల సంఘం అంతకన్నా అమాయకంగా ఉంటుందని నేననుకోను. మా లోకంలో వాళ్లు దీపం అమ్మరు, అద్దెకిస్తారు. ఏడాదికోసారి సంఘం మనిషి వస్తాడు. అద్దె కట్టకపోతే డిస్పెల్ మ్యాజిక్ అనే మాయను తీసేసే మంత్రం వేసి పోతాడు.

కెంపు పొడి దగ్గర ఇంకో మెలిక ఉంది, మంత్రాల ధరల గురించి ఎప్పుడు మాట్లాడినా నేను దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. రూల్‌బుక్ ఎంత తూకం పొడి కావాలో చెప్పదు, ఎంత విలువైన పొడి కావాలో చెబుతుంది. చనిపోయినవాళ్లను వెంటనే లేపే రెవివిఫై కూడా అంతే, 300 బంగారం విలువైన వజ్రాలు అంటుంది. యుద్ధం వచ్చి వజ్రాల ధర రెట్టింపైందనుకోండి. నిన్నటి వజ్రంలో సగం ముక్క ఇవాళ 300 చేస్తుంది. అంటే వజ్రాలకు కరువొచ్చినకొద్దీ అదే రాయితో ఎక్కువమందిని బతికించవచ్చు! ఇంకా దారుణం, నేనూ నా స్నేహితుడూ గులకరాయంత వజ్రాన్ని 300కు ఒకరికొకరం అమ్ముకుంటే అది సరిపోతుందా? మంత్రం మార్కెట్ రేటు చూసి పనిచేస్తుందంటే, రేటు ఎవరు చెబుతారు, ఏ ఊరి రేటు? మా టేబుల్‌లో దీన్ని తూకానికి మార్చేశాను. ఫలానా బరువు వజ్రం అంటే అంతే, ధర ఎంతైనా కానీ. ఆ చిన్న మార్పుతో వజ్రాల గని ఉన్న రాజ్యం ఒక్కసారిగా ప్రాణాల మీద పెత్తనం ఉన్న రాజ్యం అయిపోయింది. యుద్ధకాలంలో అక్కడి రాయబారికి జరిగే మర్యాదలు చూసి మా ప్లేయర్లే ఆశ్చర్యపోయారు.

చాలామంది డీఎంలు (డంజన్ మాస్టర్లు) ఫైర్‌బాల్ అనే నిప్పుల బంతి మంత్రానికి భయపడతారు. నన్నడిగితే అదే మూడో లెవెల్‌లో ఉన్న ప్లాంట్ గ్రోత్ అంతకన్నా పెద్ద మంత్రం. 2014 ఐదో ఎడిషన్ ప్రకారం ఎనిమిది గంటలు కూర్చుని వేస్తే అర మైలు వ్యాసార్ధంలో ఉన్న నేలంతా ఏడాదిపాటు రెట్టింపు పంట ఇస్తుంది. అర మైలు వ్యాసార్ధం అంటే సుమారు 500 ఎకరాలు. (3.5లో పెరిగేది మూడోవంతే. నాకు ఆ అంకే నచ్చుతుంది, కానీ మేం ఆడేది ఐదో ఎడిషన్.) ఐదో లెవెల్ డ్రూయిడ్, అంటే ప్రకృతి మంత్రాలు వేసేవారు, ఒక్కరు, ఒక్క రోజులో, పైసా ఖర్చు లేకుండా చేసే పని ఇది.

మా టేబుల్‌లో డ్రూయిడ్ ఆడే అమ్మాయి ఒక ఊరివాళ్లు పెట్టిన ఆశ్రయానికి కృతజ్ఞతగా ఈ మంత్రం వేసి వెళ్లిపోయింది. కోతల తర్వాత పార్టీ అదే దారిన తిరిగొచ్చింది. ఊరివాళ్లు పూలదండలతో ఎదురొచ్చారు. వాళ్ల వెనకాల, ఏటికి అవతలి ఊరివాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల పొలాలు వలయానికి అవతల పడ్డాయి. పంట ఎప్పటిలాగే పండింది. కానీ సంతలో ధాన్యం పోటెత్తి ధర సగానికి పడిపోయింది, శిస్తు మాత్రం నాణేల్లో కట్టాలి. వాళ్లు కొట్లాటకు రాలేదు. మాకూ వేసి పెట్టమ్మా అని అడగడానికి వచ్చారు. మర్నాటికి ఇంకో మూడు ఊళ్లవాళ్లు వచ్చారు. రోజుకు ఒక్క వలయమే, విత్తనాల అదను దాటితే లాభం లేదు.

ఆ అమ్మాయి పాచికలు పక్కన పెట్టి నా వైపు చూసింది. "అక్కా, ముందు ఏ ఊరికి వెయ్యాలో నేనెలా తేల్చను?"

ఆమె కాగితం మీద ఊళ్ల పేర్లు వరసగా రాసుకుంది. పేరు ముందుకు జరపమని ఒక గ్రామపెద్ద మేకను పంపాడు. ఇంకొకడు తన కొడుకును శిష్యుడిగా తీసుకొమ్మన్నాడు. జమీందారు మనిషి వచ్చి ముందు అయ్యగారి సొంత భూములన్నాడు, నవ్వుతూనే అన్నాడు గానీ గుర్రం దిగలేదు. అన్ని ఊళ్లకూ వేసినా కథ ముగియదని ఆమెకు త్వరలోనే తెలిసింది. అందరికీ రెట్టింపు పండితే అందరికీ గిట్టుబాటు పోతుంది. గోదాములున్న వర్తకుడొక్కడే చవగ్గా కొని నిల్వ చేసి బాగుపడతాడు. చివరికి పార్టీ చేసిన మొదటి పెద్ద పెట్టుబడి మాయఖడ్గం మీద కాదు, ఊళ్లన్నీ కలిసి వాడుకునే ధాన్యపు కొట్టు మీద. ఆ కొట్టును కాపాడుకోడానికి వాళ్లు చేసిన పోరాటం ముందు, ఏ గుహలో డ్రాగన్‌తో చేసిన పోరాటమూ నిలవదని నా అభిప్రాయం.

ఆకలి మంత్రాలన్నీ ఇంత పెద్దవి కావు. గుడ్‌బెర్రీ ఒక్కసారి వేస్తే పది పళ్లు, పండుకు ఒకరి రోజు తిండి. ముట్టడిలో ఉన్న ఐదు వేల మంది నగరానికి రోజుకు 500 సార్లు వేయాలి. ఐదో లెవెల్ డ్రూయిడ్ తన స్లాట్లన్నీ (రోజుకు ఇన్ని మంత్రాలే వేయొచ్చనే కోటా) దీనికే పెట్టినా తొమ్మిదిసార్లు వేయగలదు, అంటే యాభై ఆరుమంది డ్రూయిడ్‌లు కావాలి. ముగ్గురుంటే? 270 మందికి తిండి. ఆ 270 మంది ఎవరన్నది కోటలో పెద్ద తగవు అవుతుంది.

ఈ లెక్కలు చేసే ఓపిక ప్రతి డీఎంకీ ఉండక్కర్లేదు. కొన్ని ఆటలు ఆ పని ముందే చేసి ఇచ్చాయి. 1987లో వచ్చిన ఆర్స్ మాజికాలో మంత్రంతో పుట్టించిన వస్తువు శాశ్వతంగా నిలవాలంటే విస్ అనే ముడి మాయ ఖర్చు పెట్టాలి. అది కొన్ని చోట్లే, కొన్ని కాలాల్లోనే దొరుకుతుంది, మాంత్రికులు తమలో తాము దాన్నే డబ్బులా మార్చుకుంటారు. 1991 నాటి డార్క్ సన్ అనే ఆటలోకంలో మాంత్రికుడు చుట్టూ ఉన్న మొక్కల ప్రాణం లాగి మంత్రం వేస్తాడు, జాగ్రత్త పడకపోతే నేల బూడిదవుతుంది. లాభం అతనిది, నష్టం ఆ నేల మీద బతకాల్సినవాళ్లది. అక్కడ లోహం ఎంత అరుదంటే మామూలుగా వాడే నాణేలు కూడా మట్టివే. 2004లో వచ్చిన ఎబెరాన్ అనే లోకం దీనికి పూర్తిగా అటువైపు నిలబడింది. చిన్న చిన్న మంత్రాలు అందరికీ అందుబాటులో ఉంటాయి, వైద్యం ఒక వంశం గుత్తాధిపత్యం, వార్తలు ఇంకో వంశానివి, మెరుపు రైలు మరో వంశానిది. యుద్ధం కోసం తయారుచేసిన వార్‌ఫోర్జ్‌డ్ సైనికులు, సంధి కుదిరి స్వేచ్ఛ దొరికాక, పని వెతుక్కుంటూ తిరుగుతుంటారు. నేను చూసిన లోకాల్లో మాయ బాగా ఎక్కువ ఉన్నవాటిలో ఎబెరాన్ ఒకటి, అయినా నాకు అంత సులువుగా నమ్మకం కుదిరింది ఆ నిరుద్యోగి సైనికుడి వల్లే.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్న పని టెలిపోర్టేషన్ సర్కిల్, అడుగుపెడితే దూరాన ఉన్న ఇంకో వలయానికి చేర్చే ద్వారం. ఐదో లెవెల్ మంత్రం. ఒకేచోట ఏడాదిపాటు రోజూ వేస్తే అక్కడ వలయం శాశ్వతమవుతుంది. రోజుకు 50 బంగారం చొప్పున 18,250 నాణేలు. ఆ వలయానికి చేరాలంటే ప్రతిసారీ మళ్లీ మంత్రం వేయాలి, ఇంకో 50. ద్వారం తెరుచుకుని ఉండేది కొన్ని సెకన్లే. తలా వంద పౌన్ల మూటతో ఇరవై మంది కూలీల్ని వరసగా నిలబెట్టి పరిగెత్తించామనుకోండి. మూటల్లో గోధుమలుంటే, పౌను ఒక రాగి లెక్కన, మొత్తం సరుకు 20 బంగారు నాణేలు. ద్వారం ఖర్చు కూడా రాదు. కుంకుమపువ్వు ఉంటే, పౌను 15 బంగారం లెక్కన, 30,000. కాబట్టి వలయం వచ్చినంత మాత్రాన బండ్లవాళ్ల పని పోదు, గోధుమలు ఎప్పటికీ బండి మీదే వెళతాయి. దెబ్బ తగిలేది దారి పొడవునా సుంకం వసూలు చేసే చిన్న చిన్న ప్రభువులకు. విలువైన సరుకంతా వాళ్ల తల మీదుగా ఎగిరిపోతుంది.

అందుకని రాజధానిలో వలయం చుట్టూ సుంకం కచేరీ కట్టించాను. వచ్చే సెషన్‌లో మా పార్టీ ఆ వలయంలోంచి బయటికొస్తుంది, వచ్చీ రాగానే మూటలు విప్పమంటారు. రేటు పట్టిక రాసి పెట్టుకున్నాను. కుంకుమపువ్వుకు విలువలో పదోవంతు, ఉత్తరానికి ఒక వెండి నాణెం, వజ్రాలకు తూకాన్ని బట్టి. మంత్రం రాసిన కాగితపు చుట్టకు ఎంత వేయాలన్నదే తేలడం లేదు. అందులోని మంత్రాన్ని విజార్డ్ ఒకసారి తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడంటే, ఆ పుస్తకం నుంచి ఇంకెన్ని పుస్తకాల్లోకి వెళుతుందో ఏ అధికారీ లెక్కపెట్టలేడు. ఒక్క చుట్టకే వేయాలా, రాబోయే నకళ్లన్నిటికీ కలిపి వేయాలా? నేను ఎంత వేసినా మా విజార్డ్ దాన్ని చెప్పులో దాచి తేవాలనే చూస్తాడు, కాబట్టి తనిఖీ చేసే అధికారి ఎంత చురుకైనవాడో కూడా ఈ రాత్రికే తేల్చాలి.